జర్మనీ వదిలేముందు 60 నెలల పెన్షన్ చందా నింపుకోవాలా?

జర్మనీలో ఉద్యోగం మాని హైదరాబాద్ వచ్చేసినవాళ్లు దయచేసి చెప్పండి. పెన్షన్ చందా జీతంలో 18.6 శాతం; సగం మనది, సగం కంపెనీది. 60 నెలలు నిండకుండా వచ్చేస్తే, యూరోపియన్ యూనియన్ వదిలిన 24 నెలలకు మన సగం మాత్రమే వాపసు ఇస్తారు, కంపెనీ సగం పోయినట్టే. 60 నిండితే వాపసు ఉండదు గానీ, వయసు వచ్చాక నెలనెలా పెన్షన్ ఇండియాకే వస్తుంది. 2017 మే నుంచి రెండు దేశాల ఒప్పందం ఉంది కాబట్టి అర్హత కోసం మన ఈపీఎఫ్ కాలాన్నీ కలుపుతారు. అలా కలిపితే 60 దాటేవాళ్లకు వాపసు ఇచ్చారా? ఈపీఎఫ్‌లో పాత కంపెనీ మూతపడి ఉంటే ఏ కాగితాలు అడిగారు?

వీసా సంగతి: మామూలు శాశ్వత నివాస అనుమతి ఆరు నెలలు బయట ఉంటే సాధారణంగా రద్దవుతుంది. బ్లూ కార్డు (పెద్ద చదువులున్న విదేశీ ఉద్యోగులకిచ్చే నివాస అనుమతి) వాళ్లు యూరోపియన్ యూనియన్ దీర్ఘకాల నివాస కార్డు తీసుకుంటే 24 నెలల గడువుంటుంది. దానికీ ఐదేళ్ల నివాసం కావాలి. అందుకే 60 నింపుకోవడమే మేలనిపిస్తోంది.

అసలు బెంగ వైద్యం గురించి. అక్కడ జీతంతోపాటే ఇన్సూరెన్స్ నడిచిపోతుంది. ఇక్కడ పాలసీ తీసుకుంటే షుగర్, బీపీలకు 36 నెలల వరకు వెయిటింగ్ (క్లెయిమ్ ఇవ్వని గడువు) పెట్టవచ్చు. ఎన్నారైగా ఉండగానే పాలసీ తీసుకుని ఆ గడువు గడిపేసినవాళ్లున్నారా? వైద్య పరీక్షలు ఎక్కడ చేయించారు?