అప్‌డేట్: కొత్త కారా, సెకండ్ హ్యాండా? మొత్తానికి తేల్చేశాం

అప్పు చేసి కొత్త కారు కొనాలా, చేతిలో ఉన్న డబ్బుతో సెకండ్ హ్యాండ్ తీసుకోవాలా అని నెల కిందట అడిగాను కదా. సెకండ్ హ్యాండే తీసుకున్నాం. నాలుగేళ్ల బండి, ఒకే ఓనరు.

అయితే మొదట చూసిన బండి కాదిది. దాని మీద మనసు పారేసుకున్నాను, నిజం చెప్పాలంటే రంగు చూసి. మీరు చెప్పారని టైర్ల మీద నాలుగంకెలు చదివాను. మూడింటి మీద 1819, అంటే 2019లో 18వ వారం తయారీ. ముందు ఎడమవైపు దాని మీద మాత్రం 3522, అంటే 2022 నాటిది. పంక్చరై మార్చారేమోలే అనుకున్నా. వెంట వచ్చిన మెకానిక్ బానెట్ ఎత్తి, అదే వైపు ఫెండర్ (ముందు చక్రం పైనుండే రేకు) బోల్టులు చూపించాడు. అంచుల్లో రంగు లేచిపోయి, స్పానర్ పడిన గుర్తులు. రెండోవైపు బోల్టులు మాత్రం ముట్టుకోనట్టున్నాయి. "గట్టిగానే గుద్దుకుంది సార్" అన్నాడు. అమ్మేవాణ్ణి అడిగితే "చిన్న గీతేనండీ" అన్నాడు. దండం పెట్టి వచ్చేశాం.

కొన్న బండిని పొద్దున్నే ఇంజన్ చల్లగా ఉండగా స్టార్ట్ చేయించాం. ముందే వేడి చేసి ఉంచితే కొన్ని చప్పుళ్లు, పొగ బయటపడవు. సర్వీసు బిల్లుల్లోని కిలోమీటర్లు మీటరుతో సరిపోయాయి. క్లచ్ కాస్త గట్టిగా ఉంది, ఆ ఖర్చు ధరలో తగ్గించుకున్నాం.

కొత్త కారు వాసన లేదని మా ఆవిడ రెండు రోజులు అలిగింది. మూడో రోజు నుంచి తాళం నాకు దొరకడం లేదు.