నాన్న కాలికి బైపాస్ అంటున్నారు, పొట్టలో 4.3 ఉబ్బు కూడా ఉందట. ముందు ఏది?

టంగుటూరు అమ్మాయి

అందరికీ నమస్తే. మాది టంగుటూరు దగ్గర పల్లె. నాన్నకి 67 ఏళ్లు. పొగాకు బ్యారన్ పని, నలభై ఏళ్లుగా చుట్ట. షుగర్ లేదు, బీపీ ఉంది.

నిరుడు దీపావళప్పటి నుంచి నడిస్తే కుడి పిక్క పట్టేస్తోందనేవాడు. ఇంటి నుంచి టీకొట్టుకి వెళ్లేలోపు ఒక్కచోట ఆగేవాడు, రామాలయం అరుగు దగ్గర. సంక్రాంతికల్లా రెండు చోట్ల. కూర్చోనక్కర్లేదు, ఉన్నచోటే రెండు నిమిషాలు నిలబడితే తగ్గిపోయేది. మళ్లీ అంతే దూరం నడిచేసరికి అదే పట్టు. ఊళ్లో చూపిస్తే నడుం దగ్గర నరం నొక్కుకుందన్నారు. నరాల మాత్రలు, నడుముకి బెల్టు, ఐదు నెలలు. తర్వాత పాదం వాస్తోందని మోకాలి దాకా బిగుతు సాక్సు ఇచ్చారు.

ఆ వాపు ఎందుకో నాకు ఇప్పుడు తెలుస్తోంది. పడుకుంటే పాదం మండిపోతోందని నాన్న రాత్రంతా కాలు మంచం పట్టె మీంచి కిందికి వేలాడేసుకుంటున్నాడు. తెల్లారేసరికి పాదం ఎర్రగా ఉబ్బి ఉంటుంది. అదే పాదాన్ని నేను చేత్తో పైకెత్తి పట్టుకుంటే నిమిషంలో మైనంలా పాలిపోతుంది. చిటికెన వేలి పక్కన చెప్పు ఒరుసుకున్న పుండు, శనగగింజంత. ఆరు వారాలైంది, మానలేదు.

చివరికి ఒంగోలులో ఒక డాక్టరమ్మ పాదం మీద వేళ్లు పెట్టి చూసి, "నాడి అందట్లేదమ్మా" అని డాప్లర్‌కి (నాళాల్లో రక్తం పారడం చూసే స్కాన్) పంపారు. కుడి చీలమండ దగ్గర ప్రెషర్ 62, చేతి ప్రెషర్ 150. తొడలో రక్తనాళం పూర్తిగా మూసుకుపోయిందట. పొట్ట స్కాన్‌లో బొడ్డు వెనక పెద్ద నాళం 4.3 సెంటీమీటర్లు ఉబ్బి ఉందట.

ఒక ఆస్పత్రిలో రెండూ ఈ వారమే చేసేయాలి, పొట్టలోది ఎప్పుడైనా పగలొచ్చు అన్నారు. ఇంకోచోట ముందు కాలికి బైపాస్ (మూసుకున్నచోటు దాటించి పక్క నుంచి వేరే నాళం కలపడం), పొట్ట సంగతి చూస్తూ ఉందాం అన్నారు. "పగలొచ్చు" అన్న మాట విన్నప్పటి నుంచి అమ్మ నాన్నని చెంబు కూడా ఎత్తనివ్వట్లేదు, దగ్గితే ఉలిక్కిపడుతోంది. చుట్టాలేమో రోజూ నడిపించండి, రక్తానికి కొత్త దార్లు పడతాయి అంటున్నారు. ఎవరి మాట వినాలో తెలియట్లేదు. తెలిసినవాళ్లు చెప్పండి.

ఖమ్మం రైతుబిడ్డ

అక్కా, మిగతావి డాక్టర్లు చెప్తారు. ముందు ఆ బిగుతు సాక్సు ఈ రాత్రే తీసేయండి. అసలే రక్తం అందని కాలిని అది ఇంకా నొక్కేస్తుంది. వేడినీళ్ల కాపడం కూడా పెట్టొద్దు. మా నాన్నకి పాదం చల్లగా ఉందని అమ్మ ప్రేమతో వేడినీళ్ల సంచి పెట్టింది. స్పర్శ తగ్గిన పాదం, ఆయనకి వేడి తెలియలేదు. తెల్లారి బొటనవేలి మీద రూపాయి బిళ్లంత బొబ్బ. ఆ వేలు దక్కలేదు.

రక్తనాళాల సర్జన్, విశాఖ

అమ్మా, మీరు రాసిన మొదటి పేరాల్లోనే రోగం ఏమిటో ఉంది. నడుం నరం నొక్కుకుంటే నిలబడినా నొప్పి పోదు. కూర్చోవాలి, లేదా ముందుకి వంగాలి. నాళం మూసుకున్నవాళ్లకి ఊరికే ఆగితే చాలు. ఆ ఒక్క ప్రశ్న అడిగి, పాదం మీదా చీలమండ వెనకా నాడి పట్టి చూసి ఉంటే ఐదు నెలలు మిగిలేవి. నా దగ్గరికి ఇలా ఆలస్యంగా వచ్చే ప్రతి మనిషినీ చూసి బాధపడతాను.

మీ అంకెలు చూద్దాం. 62ని 150తో భాగిస్తే 0.41. మామూలుగా చీలమండ దగ్గర ప్రెషర్ చేతితో సమానంగానో కొంచెం ఎక్కువగానో ఉండాలి. 0.9 కంటే తగ్గితే నాళాల్లో అడ్డు ఉన్నట్టు. 0.41 ఉండి, రాత్రి నొప్పి, మానని పుండు కూడా ఉన్నాయంటే కాలు ప్రమాదంలో ఉంది. (చాలా ఏళ్ల షుగర్ ఉన్నవాళ్లలో నాళాలు గట్టిపడి ఈ అంకె అబద్ధంగా ఎక్కువ చూపిస్తుంది. వాళ్లకి కాలివేలి దగ్గర ప్రెషర్ కొలవాలి. ఇది మీకు కాదు, చదివే మిగతావాళ్ల కోసం.)

నడక గురించి మీ చుట్టాలు చెప్పింది తప్పు కాదు. నడిస్తేనే నొప్పి వచ్చే దశలో అదే మొదటి వైద్యం: నొప్పి వచ్చేదాకా నడవడం, ఆగడం, మళ్లీ నడవడం, వారానికి మూడు రోజులైనా, మూడు నెలలు. మీ నాన్నగారు ఆ దశ దాటిపోయారు. పుండున్న పాదానికి ముందు రక్తం అందాలి, అదీ రోజుల్లో కాకపోతే వారాల్లో; నెలల దాకా ఆగకూడదు. ఎవరైనా ముందు వేలు తీసేద్దాం అంటే ఒప్పుకోకండి. రక్తం అందకుండా కోస్తే ఆ కోత కూడా మానదు. చీము పట్టి ఒంటికి విషం ఎక్కుతుంటే అది వేరే సంగతి.

పొట్ట విషయం. ఆ నాళం మామూలుగా 2 సెంటీమీటర్లు ఉంటుంది. 3 దాటితే ఎన్యూరిజమ్ అంటాం. మగవాళ్లలో 5.5, ఆడవాళ్లలో 5 దగ్గరికి వచ్చినప్పుడు, లేదా ఏడాదిలో 1 సెంటీమీటర్ కంటే ఎక్కువ పెరిగినప్పుడు ఆపరేషన్ ఆలోచిస్తాం. నొప్పి మొదలైతే సైజుతో పని లేదు. 4 నుంచి 5.5 మధ్య ఉన్నవాళ్లలో వెంటనే ఆపరేషన్ చేసినా, స్కాన్లతో కనిపెట్టుకుని ఉన్నా బతికే కాలంలో తేడా రాలేదని బ్రిటన్‌లో 1998లోనే తేల్చారు. కాబట్టి 4.3కి "ఈ వారమే" అనే మాట సరికాదు. ఏడాదికోసారి స్కాన్. చెంబు ఎత్తితే, దగ్గితే పగలదని అమ్మగారికి చెప్పండి. బీపీ అదుపులో ఉండాలి, చుట్ట పూర్తిగా మానాలి. ఆ ఉబ్బుని పెంచేదీ, కాలి నాళాన్ని మూసిందీ ఆ పొగే. ఇంకో సంగతి: జ్వరానికో మూత్రం మంటకో సిప్రోఫ్లాక్సాసిన్, లీవోఫ్లాక్సాసిన్ జాతి మందులు రాస్తే ఈ ఉబ్బు ఉందని చెప్పి, వేరే మందు అడగండి.

స్టెంటా (నాళం లోపల పెట్టే జాలీ గొట్టం), బైపాసా అన్నది పొట్ట నుంచి పాదం దాకా సీటీ యాంజియో (మందు ఎక్కించి నాళాలు చూసే స్కాన్) తీస్తే తేలుతుంది. దానికి ముందు క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) చూపించుకోండి. మోకాలి వెనక కూడా ఉబ్బు ఉందేమో అందులోనే చూడమనండి, పొట్టలో ఉన్నవాళ్లకి అక్కడా ఉండొచ్చు. తర్వాత సర్జన్‌ని ఒకటే అడగండి: "బైపాస్‌కి వాడే తొడ సిర బాగుందా, స్కాన్ చేసి కొలిచారా?" మంచి సిర ఉన్నవాళ్లకి బైపాసే మేలని 2022లో అమెరికా నుంచి వచ్చిన పెద్ద పరిశోధన చెప్పింది. మోకాలి కింది నాళాలకి బెలూన్‌తో లోపలి నుంచి తెరవడమే మేలని 2023లో బ్రిటన్‌లో తేలింది. మీ నాన్నగారి మూత తొడలో ఉందంటున్నారు. సిర బాగుంటే నేనైతే బైపాస్ వైపే మొగ్గుతాను.

నల్లగొండ శీను

డాక్టర్ గారు చెప్పింది నిజమే మేడమ్, పొట్టలోదానికి తొందర వద్దు. కానీ మర్చిపోవద్దు కూడా. మా నాన్నకి మూడేళ్ల కింద గాల్‌బ్లాడర్ స్కాన్‌లో ఆ పొట్ట నాళం 4.8 అని రాశారు. దానికి ఆపరేషన్ వద్దన్నారు, మళ్లీ ఎప్పుడు చూపించుకోవాలో ఎవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు. ఒకరోజు పొద్దున పళ్లు తోముకుంటూ నడుం పట్టుకుని కూలబడ్డాడు. చెమటలు, ముఖం తెల్లబడింది. దగ్గరి ఆస్పత్రిలో కిడ్నీలో రాయి అని ఇంజెక్షన్ చేసి మూడు గంటలు ఉంచారు. హైదరాబాద్ తీసుకుపోతుంటే దారిలోనే పోయాడు. పాత రిపోర్టు మా బీరువాలో, రేషన్ కార్డు కింద ఉంది. ఆ 4.8 అన్న అంకె చెప్పి ఉంటే వాళ్లు పొట్ట చూసేవాళ్లేమో. మీ నాన్న అంకెని ఇంట్లో అందరి ఫోన్లలో రాసిపెట్టండి.

టంగుటూరు అమ్మాయి (24 రోజుల తర్వాత)

అందరికీ దండాలు. సాక్సు ఆ రాత్రే తీసేశాను. గుంటూరులో సీటీ తీయించాం. తొడ సిర కొలిచారు, మూడున్నర మిల్లీమీటర్లు, బాగుందన్నారు. గజ్జ నుంచి మోకాలి పైదాకా ఆ సిరతోనే బైపాస్ చేశారు, నాలుగు గంటలు పట్టింది. ఆ సాయంత్రం ఐసీయూలో నర్సమ్మ పెన్నులాంటి డాప్లర్ పాదం మీద పెట్టి నన్ను పిలిచి వినిపించింది. బోరింగు నీళ్లు పడ్డట్టు "షూ, షూ" అని. నేను పాదం ముట్టుకుంటే వెచ్చగా ఉంది. ఏడాదిగా ఆ పాదం అలా లేదు. ఏడుపాగలేదు.

ఇప్పుడు చీలమండ ప్రెషర్ 128, చెయ్యి 140. కాలు మంచం మీదే పెట్టుకుని నిద్రపోతున్నాడు. పుండు అంచులు ఎర్రబడి పూడుకొస్తోంది. కోత దగ్గర కొంచెం వాపుంది, మామూలే అన్నారు. ఆస్పిరిన్, స్టాటిన్ (కొలెస్ట్రాల్ మాత్ర) రోజూ. చుట్ట మానేసి 24 రోజులు. బ్యారన్ వైపు వెళ్తే మళ్లీ మనసు లాగుతుందని అటు పోవడం కూడా మానేశాడు.

శీనూ అన్నా, మీ మాట చదివాక 4.3 అనీ, ఎప్పుడు తీసిందీ, మళ్లీ ఎప్పుడు తీయాలో రాసిన కాగితం నాన్న ఆధార్ కార్డుకి కలిపి లామినేషన్ చేయించాను. తమ్ముడి ఫోన్లో, అమ్మ ఫోన్లో కూడా ఉంది.

డాక్టర్ గారూ, ఒక సందేహం. మా బాబాయికి 64, ఆయనదీ చుట్టే. తోడబుట్టినవాళ్లకి కూడా ఈ ఉబ్బు రావచ్చా?

రక్తనాళాల సర్జన్, విశాఖ

రావచ్చమ్మా. ఒకే కడుపున పుట్టినవాళ్లకి అవకాశం ఎక్కువ, పొగ తాగేవాళ్లకి ఇంకా ఎక్కువ. పొట్ట అల్ట్రాసౌండ్ ఒక్కటి చాలు, పది నిమిషాల పని. పరగడుపున తీసుకెళ్లండి, గ్యాస్ అడ్డం రాకుండా నాళం బాగా కనపడుతుంది.

టంగుటూరు అమ్మాయి

ఈరోజు పొద్దున్నే తీసుకెళ్లి వచ్చానండీ. 2.1 వచ్చింది. పాదాల్లో నాడి కూడా చూడమన్నాను, రెండు కాళ్లకీ అందుతోంది. బస్సు దిగాక బాబాయి జేబులోంచి చుట్టల కట్ట తీసి నా చేతికిచ్చాడు.