రాసే వైపు బ్యారియర్ పెట్టినా పాత డేటా ఎందుకు వస్తోంది?

ప్రశ్న:
నమస్కారమండీ. నా లినక్స్ కెర్నల్ మాడ్యూల్‌లో ఒక థ్రెడ్ బఫర్‌లో విలువ రాసి, ఆ తర్వాత 'రెడీ' ఫ్లాగ్‌ను 1 చేస్తుంది. మరో కోర్‌పై నడిచే థ్రెడ్ ఫ్లాగ్ 1 అయ్యాకే బఫర్ చదువుతుంది. రెండు రాతల మధ్య ఎస్‌ఎంపీ_డబ్ల్యూఎంబీ (రాతల క్రమం మారకుండా చూసే రైట్ బ్యారియర్) పెట్టాను. ఇంటెల్ ల్యాప్‌టాప్‌లో ఏ తేడా రాలేదు గానీ, ఆర్మ్64 బోర్డులో అప్పుడప్పుడు ఫ్లాగ్ 1గానే ఉన్నా బఫర్‌లో పాత విలువ కనిపిస్తోంది. ఫ్లాగ్‌ను వోలటైల్ (ప్రతిసారీ మెమరీ నుంచే చదవమని కంపైలర్‌కు చెప్పే గుర్తు) చేసినా ఫలితం లేదు. లోపం ఎక్కడుందో తెలుపగలరు.

సమాధానం:
రాసే వైపు మీరు చేసింది సరైనదే. లోపం చదివే వైపు ఉంది. 'ఇఫ్'తో ఫ్లాగ్‌ను పరీక్షించాం కాబట్టి బఫర్ ఆ తర్వాతే చదవబడుతుందని అనుకోవడం సహజమే గానీ, ఆర్మ్64 ప్రాసెసర్‌కు ఆ నియమం లేదు. ఫ్లాగ్ ఉన్న క్యాష్ లైన్ (ప్రాసెసర్ తన దగ్గరకు తెచ్చుకునే మెమరీ ముక్క) ఇంకా రాకపోయినా, బఫర్ లైన్ దగ్గరే ఉంటే, ప్రాసెసర్ బ్రాంచ్ ఎటు వెళ్తుందో ఊహించుకొని బఫర్‌ను ముందే చదివేస్తుంది. అప్పుడు అందులో ఉన్నది పాత విలువ, ఉదాహరణకు 0. ఈలోగా అవతలి కోర్ కొత్త విలువ 42 రాసి, ఫ్లాగ్‌ను 1 చేస్తుంది. ఆ 1 వచ్చేసరికి ఊహ నిజమైంది కాబట్టి ముందు చదివిన 0ను పారేయాల్సిన అవసరం ప్రాసెసర్‌కు కనిపించదు.

ఎక్స్86లో సాధారణ మెమరీకి సంబంధించినంతవరకు ఒక రీడ్ దాని ముందున్న రీడ్‌ను దాటినట్లు ప్రోగ్రామ్‌కు కనిపించదు. అందుకే ల్యాప్‌టాప్‌లో ఈ లోపం దాగిపోయింది. వోలటైల్ కంపైలర్‌ను మాత్రమే కట్టడి చేస్తుంది, అదీ వోలటైల్ చదువులూ రాతల మధ్యనే.

ఫ్లాగ్‌ను రీడ్_వన్స్‌తో (కంపైలర్ ఆ చదువును మార్చకుండా చూసే మాక్రో) చదివి, బఫర్ చదివే ముందు ఎస్‌ఎంపీ_ఆర్‌ఎంబీ (చదువుల క్రమం కాపాడే రీడ్ బ్యారియర్) పెట్టండి. రాసే వైపు ఫ్లాగ్‌కు రైట్_వన్స్ వాడండి. నా మటుకు నేనైతే రెండు బ్యారియర్లనూ తీసేసి, ఫ్లాగ్‌ను ఎస్‌ఎంపీ_స్టోర్_రిలీజ్‌తో (ముందున్నవి ముందే జరిగేలా చూసే రాత) రాసి, ఎస్‌ఎంపీ_లోడ్_ఎక్వైర్‌తో (తర్వాతివి తర్వాతే జరిగేలా చూసే చదువు) చదువుతాను. ఏ వేరియబుల్ దగ్గర క్రమం కావాలో కోడ్ చూడగానే తెలుస్తుంది. అసలు వేగం అంత ముఖ్యం కాకపోతే స్పిన్‌లాక్ (ఒకసారికి ఒక్క కోర్‌నే లోపలికి అనుమతించే తాళం) వాడితే ఈ గొడవే ఉండదు.

అడిగినవారు:
ధన్యవాదాలండీ, ఎక్వైర్, రిలీజ్ జంట పెట్టాక సమస్య పోయింది. నెట్‌వర్క్ కార్డుకు ఇచ్చే డీఎంఏ డిస్క్రిప్టర్‌కు (కార్డు సీపీయూ ప్రమేయం లేకుండా నేరుగా వాడే మెమరీ వివరాల పట్టీ) కూడా ఇదే జంట సరిపోతుందా?

మరో సభ్యుని సమాధానం:
సరిపోదండీ. ఎస్‌ఎంపీ_తో మొదలయ్యేవి సీపీయూల మధ్య క్రమానికే. ఎస్‌ఎంపీ (బహుళ సీపీయూల మద్దతు) లేకుండా బిల్డ్ చేసిన కెర్నల్‌లో ఎస్‌ఎంపీ_డబ్ల్యూఎంబీ వంటివి ఒట్టి కంపైలర్ బ్యారియర్లుగా మిగులుతాయి, కానీ కార్డు అప్పుడు కూడా మెమరీని చూస్తూనే ఉంటుంది. కోహెరెంట్ మెమరీలోని (సీపీయూకూ కార్డుకూ ఒకే విలువ కనిపించే మెమరీ) డిస్క్రిప్టర్‌లో చిరునామా, పొడవు నింపాక డీఎంఏ_డబ్ల్యూఎంబీ పెట్టి, ఆ తర్వాతే ఓన్ బిట్‌ను (డిస్క్రిప్టర్ ప్రస్తుతం ఎవరిదో చెప్పే బిట్) కార్డుకు అప్పగించాలి. కార్డు దాన్ని తిరిగి ఇచ్చినట్లు చూశాక, మిగతా ఫీల్డులు చదివే ముందు డీఎంఏ_ఆర్‌ఎంబీ కావాలి. డోర్‌బెల్ రిజిస్టర్‌ను (పని ఉందని కార్డుకు చెప్పేది) రైట్ఎల్‌తో (పరికర రిజిస్టర్‌లో రాసే ఫంక్షన్) రాస్తే అంతకుముందు మెమరీలో రాసినవి కార్డుకు ముందే కనిపిస్తాయి కాబట్టి విడిగా డబ్ల్యూఎంబీ అక్కర్లేదు. రైట్ఎల్_రిలాక్స్‌డ్ వాడితే మాత్రం దాన్ని మీరే పెట్టుకోవాలి.

ఇంకొకటి, బ్యారియర్ పెట్టిన ప్రతిచోటా దాని జత ఏ ఫంక్షన్‌లో ఉందో కామెంట్ రాయండి. లేకుంటే ప్యాచ్ పంపే ముందు ప్యాచ్‌లోని లోపాలు వెతికే చెక్‌ప్యాచ్ స్క్రిప్టే హెచ్చరిస్తుంది.