అప్‌లోడ్ ప్రోగ్రెస్ 100 శాతం చూపించాక 504 ఎర్రర్ (సర్వర్ జవాబు సమయానికి రాలేదని) వస్తోంది, దయచేసి సాయం చేయండి

నేను రాసిన పీహెచ్‌పీ స్క్రిప్ట్‌తో చిన్న ఫైళ్లు బాగానే అప్‌లోడ్ అవుతున్నాయి. 700 ఎంబీ వీడియో పంపితే మాత్రం ప్రోగ్రెస్ 100 శాతానికి చేరి, సరిగ్గా 60 సెకన్లకు 504 వస్తోంది. పోస్ట్ సైజ్, ఫైల్ సైజ్ పరిమితులు 1 జీబీకి పెంచాను. వెబ్ సర్వర్ ఎంజినెక్స్‌లో బాడీ సైజ్ (ఒక రిక్వెస్ట్‌లో పంపగల డేటా పరిమితి) కూడా పెంచాక అంతకుముందు వచ్చిన 413 ఎర్రర్ (పంపిన డేటా మరీ పెద్దదని) పోయింది. పీహెచ్‌పీలో మ్యాక్స్ ఎగ్జిక్యూషన్ టైమ్ (స్క్రిప్ట్ నడవగల గరిష్ఠ సమయం) 300 సెకన్లు పెట్టినా ఫలితం లేదు.

ఎంజినెక్స్‌లో ఫాస్ట్‌సీజీఐ రీడ్ టైమవుట్ (పీహెచ్‌పీ నుంచి జవాబు కోసం అది ఆగే సమయం) డిఫాల్ట్‌గా 60 సెకన్లే కదా, నా అనుమానం దాని మీదే. ఫైల్ అందాక స్క్రిప్ట్ దాన్ని ఇంకో సర్వర్‌కు కాపీ చేస్తుంది. ఆలస్యమంతా అక్కడే అవుతున్నట్టుంది. ఆ టైమవుట్ పెంచితే సరిపోతుందా, లేక కాపీ పనిని బ్యాక్‌గ్రౌండ్‌లోకి మార్చడమే మంచిదా? రెండు రోజులుగా ఇదే టెన్షన్. ఇలాంటిది సరిచేసినవాళ్లు ఉంటే చెప్పండి, ఏ లాగ్ కావాలన్నా పెడతాను.