కత్తితో పొడిచినవాడు నెల తిరక్కముందే బెయిల్ మీద ఊళ్ళోకి వస్తే బాధితులు ఏం చెయ్యాలి?

నరసన్నపేట_రైతుబిడ్డ (ప్రశ్న)

నమస్కారమండీ. గట్టు తగాదాలో ఒకాయన్ని కత్తితో పొడిచారు. పొట్ట మీద కుట్లు పడ్డాయి, అడ్డం పెట్టిన చెయ్యి ఎముక విరిగింది. బీఎన్ఎస్ (భారతీయ న్యాయ సంహిత) 109 (హత్యాయత్నం), 118(2) (ప్రమాదకర ఆయుధంతో తీవ్ర గాయం) కింద కేసు కట్టారు. ముద్దాయి అంపోలు జైలుకి వెళ్ళాడు, నెల తిరక్కముందే సెషన్స్ కోర్టులో బెయిల్ తెచ్చుకుని ఊళ్ళోకి వచ్చీసాడు. రెండు పూటలా బాధితుడి ఇంటి ముందునుంచే బండి మీద తిరుగుతున్నాడు. ఇద్దరు సాక్షులు అప్పుడే "మాకెందుకొచ్చిన గొడవ" అంటున్నారు.

ఇలాంటివి మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో తరచూ వింటున్నాం. టీ కొట్టు దగ్గర అందరూ అడిగేది ఒకటే: పొడిచినవాడు ఇంత తొందరగా ఎలా బయటికొస్తాడు, కోర్టు బాధితుడి మాట వినదా? ఈ బెయిల్ రద్దు చేయించే దారి ఉందా? ఉంటే ఎవరు వెయ్యాలి, ఏ కాగితాలు కావాలి? పెద్దమనుషులు రాజీ అంటూ సంతకాలు కూడా అడుగుతున్నారు. తెలిసినవాళ్ళు చెప్పండి.

టెక్కలి_బార్

ముందు సంతకాల సంగతి. పెట్టొద్దని చెప్పండి. 109 గానీ, 118(2) గానీ రాజీకి వీలున్న సెక్షన్లు కావు. ఆ కాగితంతో కేసు పోదు. కానీ బెయిల్ రద్దు పిటిషన్ వాదనకొచ్చిన రోజున ముద్దాయి తరఫు వకీలు దాన్నే జడ్జిగారి ముందు పెడతాడు, ఊళ్ళో అంతా సర్దుకున్నారు, ఎవరికీ భయం లేదని. తెల్లకాగితం మీద సంతకమైతే మరీ ప్రమాదం.

ఇక బెయిల్ సంగతి. "రద్దు" అని అందరూ ఒకే మాట అంటారు గానీ దారులు రెండు. ఏ దారిలో వెళ్ళాలో తేల్చుకోకుండా పిటిషన్ వేస్తే మొదటి వాయిదాకే కొట్టేస్తారు.

ఒకటి, బెయిల్ ఇచ్చిన ఉత్తర్వే తప్పు అనడం. గాయాల తీవ్రత చూడలేదు, పాత కేసులు చూడలేదు, కారణాలు రాయకుండా రెండు లైన్లలో తేల్చేశారు అనే వాదన ఇది. సెషన్స్ కోర్టు ఇచ్చిన ఉత్తర్వు మీద ఇలాంటి వాదన అమరావతిలో హైకోర్టు ముందు చెయ్యాలి. అదే జడ్జిగారి దగ్గరకెళ్ళి మీ ఉత్తర్వు తప్పంటే నడవదు. కారణాలు లేని బెయిల్ ఉత్తర్వు నిలవదని సుప్రీంకోర్టు మహిపాల్ కేసులో 2019లో స్పష్టంగా చెప్పింది.

రెండోది, బెయిల్ వచ్చాక ముద్దాయి చేసిన పనుల మీద వేసేది. బెదిరించాడు, సాక్షుల్ని కలిశాడు, షరతు తప్పాడు, మళ్ళీ నేరం చేశాడు. దీన్ని బీఎన్ఎస్ఎస్ (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 483(3) కింద బెయిల్ ఇచ్చిన సెషన్స్ కోర్టులోనే వెయ్యొచ్చు. ఇచ్చిన స్వేచ్ఛని వెనక్కి తీసుకోవాలంటే బలమైన కారణం చూపాలన్నది 1994 నాటి దౌలత్‌రాం తీర్పు నుంచీ ఉన్న సూత్రం. "మా ఇంటి ముందు తిరుగుతున్నాడు" అన్న ఒక్క మాట చాలదు. ఏ తేదీ, ఎన్ని గంటలకి, ఏమన్నాడు, ఎవరు విన్నారు: ఇవన్నీ కావాలి.

పోలీసులే వెయ్యాలని లేదు. ఫిర్యాది కూడా వెయ్యొచ్చని పూరణ్ కేసులో సుప్రీంకోర్టు 2001లోనే తేల్చింది. అయినా పీపీగారి (ప్రభుత్వ వకీలు) ద్వారా ఐవో (దర్యాప్తు అధికారి) కూడా వేస్తే బరువు ఎక్కువ.

జత చెయ్యాల్సినవి: ఎఫ్ఐఆర్, బెయిల్ ఉత్తర్వు సర్టిఫైడ్ కాపీ, గాయాల సర్టిఫికెట్, డిశ్చార్జ్ సమ్మరీ, బెయిల్ తర్వాత స్టేషన్లో ఇచ్చిన ప్రతి ఫిర్యాదు నకలు, బాధితుడి అఫిడవిట్. సాక్షులు విడిగా అఫిడవిట్లు ఇస్తే ఇంకా మంచిది. ఫోన్ రికార్డింగో, వాట్సాప్ మెసేజో, సీసీ కెమెరా ఫుటేజో ఉంటే భారతీయ సాక్ష్య అధినియం 63(4) కింద సర్టిఫికెట్ (అది ఏ ఫోన్లోంచి, ఎలా తీశారో చెప్పే కాగితం) జతచెయ్యండి. అసలు ఫోన్లోంచి ఏదీ చెరపొద్దు. స్క్రీన్‌షాట్ ప్రింటు తెచ్చి ఒరిజినల్ పోగొట్టుకునేవాళ్ళే ఎక్కువ.

పాలకొండ_రోడ్డు

బెదిరింపు ఫిర్యాదు విషయంలో ఒక మాట. నోటితో చెప్పి వచ్చేస్తే అది జరగనట్టే లెక్క. రెండు కాపీలు రాసుకెళ్ళి ఒకదాని మీద స్టేషన్ ముద్ర, తేదీ వేయించుకోండి. తీసుకోకపోతే బీఎన్ఎస్ఎస్ 173(4) ప్రకారం ఎస్పీగారికి పోస్టులో పంపాలి, రిజిస్టర్డ్ రసీదు దాచాలి. సోమవారం ఎస్పీ ఆఫీసు గ్రీవెన్స్‌లో ఇచ్చినా నంబరుతో రసీదు వస్తుంది. దానికీ కదలిక లేకపోతే మేజిస్ట్రేటు కోర్టు.

సాక్షిని అబద్ధం చెప్పమని బెదిరించడం బీఎన్ఎస్ 232 కింద వేరే నేరం, ఏడేళ్ళ దాకా శిక్ష ఉంది. మామూలు బెదిరింపు సెక్షన్ 351 ఒక్కటే వేసి వదిలేస్తే 232 ఎందుకు వెయ్యలేదని రాతపూర్వకంగా అడగండి. బెయిల్ రద్దుకి ఆ రెండో ఎఫ్ఐఆర్ మంచి ఆధారం.

విజయనగరం_క్రిమినల్‌లా

అసలు ఇంత తొందరగా ఎలా వస్తాడన్న ప్రశ్నకి ఎవరూ జవాబివ్వలేదు. జడ్జిగారి మీద కోపం పెట్టుకునే ముందు ఇది చూడండి.

చాలా కేసులు మొదటి రోజునే చల్లారిపోతాయి. ఎఫ్ఐఆర్ మామూలు గాయం సెక్షన్‌తో కడతారు, రెండు రోజుల తర్వాత ఎక్స్‌రేలో ఎముక విరిగినట్టు తేలుతుంది. ఏడేళ్ళ లోపు శిక్ష ఉన్న సెక్షన్లయితే 2014 నాటి అర్నేష్ కుమార్ తీర్పు ప్రకారం అరెస్టు తప్పనిసరి కాదు, బీఎన్ఎస్ఎస్ 35(3) నోటీసు ఇచ్చి పంపిస్తారు. జనం స్టేషన్ బెయిల్ అనేది దాన్నే. ఆస్పత్రి నుంచి గాయాల సర్టిఫికెట్ రాగానే ఐవో సెక్షన్ల మార్పు మెమో కోర్టులో వెయ్యాలి. ఎముక విరిగినా, పదిహేను రోజులు తీవ్ర నొప్పితో ఉన్నా, రోజువారీ పని చేసుకోలేకపోయినా తీవ్ర గాయమే (పాత చట్టంలో ఇది ఇరవై రోజులు). ప్రమాదకర ఆయుధంతో తీవ్ర గాయమైతే 118(2), దానికి యావజ్జీవం దాకా శిక్ష ఉంది. అందుకే సర్టిఫికెట్ ఎక్కడ ఆగిందో బాధితుడి వైపువాళ్ళు కనుక్కుంటూ ఉండాలి.

ఇక బెయిల్ వాదన రోజు. పీపీగారికి ఐవో పంపే నోట్‌లో "దర్యాప్తు చాలావరకు పూర్తయింది" అని ఒక్క లైను ఉంటే బెయిల్ వచ్చేసినట్టే. పాత కేసుల నంబర్లు, బాధితుడి ఇంటికీ ముద్దాయి ఇంటికీ దూరం, ఇంకా వాంగ్మూలం ఇవ్వాల్సిన సాక్షులు, దొరకని ఆయుధం: ఇవి లేకపోతే జడ్జిగారు ఏం చూసి కాదనాలి? శిక్ష పడేదాకా నిర్దోషిగా చూడాలన్నదీ, బెయిలే నియమం జైలు మినహాయింపు అన్నదీ 1977 నుంచీ సుప్రీంకోర్టు చెబుతున్నమాట. నా మట్టుకు అది మంచి సూత్రమే. తప్పుడు కేసులో ఇరికించిన పేదవాణ్ణి కాపాడేదీ అదే. అయితే హింస కేసుల్లో ఆ సూత్రం పక్కన బాధితుడి ప్రమాదాన్ని కూడా కాగితం మీద పెట్టేవాళ్ళు ఉండాలి.

చీపురుపల్లి_జంక్షన్

విజయనగరం గారూ, అన్నీ ఐవో మీద తోసేస్తే ఎలాగండీ. కడుపులో కత్తి దిగిన కేసులో బాధితుడికి ఒక్క మాట చెప్పకుండా బెయిల్ ఇస్తే ఊరు ఏమనుకోవాలి? బాధితుడికి చెప్పాలనే నియమం లేదా?

విజయనగరం_క్రిమినల్‌లా

మీ బాధ సరైనదే. నియమం కొన్ని కేసుల్లోనే గట్టిగా ఉంది. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కేసయితే 15ఎ ప్రకారం బెయిల్ విచారణకి ముందు బాధితుడికి నోటీసు ఇచ్చి తీరాలి. అది జరగని బెయిల్‌ని సుప్రీంకోర్టు 2021లో రద్దు చేసింది. పదహారేళ్ళలోపు ఆడపిల్లపై అత్యాచారం కేసుల్లో ఫిర్యాది గానీ, వారి మనిషి గానీ విచారణలో ఉండాలని బీఎన్ఎస్ఎస్ 483(2) చెబుతోంది. మిగతా హింస కేసుల్లో నోటీసు వస్తుందని కూర్చోకూడదు. కానీ విచారణలో తన మాట వినిపించే హక్కు బాధితుడికి ఉంది. లఖింపూర్ ఖేరీ కేసులో 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆ మాటే చెప్పి, అలహాబాద్ హైకోర్టు ఇచ్చిన బెయిల్‌ని కొట్టేసింది.

కాబట్టి అరెస్టయిన రోజునుంచే ఈ-కోర్ట్స్ యాప్‌లో ముద్దాయి పేరుతో రోజూ వెతకండి. బెయిల్ పిటిషన్‌కి వేరే నంబరు పడుతుంది. ఎఫ్ఐఆర్ నంబరు ఒక్కటే చూస్తే కొన్నిసార్లు కనబడదు. సివిల్‌లోలాగ కేవియట్ (మాకు చెప్పకుండా ఉత్తర్వు ఇవ్వొద్దని ముందే వేసే కాగితం) వేద్దామంటే క్రిమినల్లో ఆ ఏర్పాటు లేదు. పిటిషన్ కనబడగానే బాధితుడి తరఫున వకీలు మెమో వేసి, పీపీగారికి సాయంగా వాదించడానికి అనుమతి అడగాలి.

బెయిల్ ఆపలేకపోయినా షరతులు అడగొచ్చు, దీన్నే చాలామంది వదిలేస్తారు. చార్జిషీటు వేసేదాకా బాధితుడి మండలంలో అడుగుపెట్టకూడదు, వేరే ఊరి స్టేషన్లో వారం వారం సంతకం పెట్టాలి, సాక్షులకి ఫోన్ చెయ్యకూడదు. ఇలాంటి షరతు ఉంటే ఊళ్ళో కనబడ్డ రోజే ఉల్లంఘన. షరతు లేకపోతే ఇంటి ముందు తిరగడం నేరమని నిరూపించడానికి నానా తంటాలు పడాలి.

టెక్కలి_బార్

తొంభై రోజుల సంగతి కూడా గుర్తుపెట్టుకోండి. యావజ్జీవం దాకా శిక్ష ఉన్న కేసుల్లో రిమాండ్ నుంచి 90 రోజుల్లో, చిన్న కేసుల్లో 60 రోజుల్లో చార్జిషీటు పడకపోతే ముద్దాయి అడగ్గానే బెయిల్ ఇవ్వాల్సిందే, నేరం ఎంత ఘోరమైనా సరే. రిమాండ్ చేసిన రోజు కూడా లెక్కలోకి వస్తుందని 2023లో సుప్రీంకోర్టు తేల్చింది. ఫోరెన్సిక్ ల్యాబ్ రిపోర్టు రాలేదని చార్జిషీటు ఆపడం పెద్ద పొరపాటు. ముందు వేసేసి, రిపోర్టు తర్వాత అదనంగా దాఖలు చెయ్యొచ్చు. ఒకే కేసులో ఇద్దరు ముగ్గురు ముద్దాయిలు ఉండి ఒకరే బయటికొస్తే మిగతావాళ్ళ విషయంలో ఇది పనికొస్తుంది. డెబ్బై ఐదో రోజుకల్లా ఐవోకి రాతపూర్వకంగా గుర్తుచేయించండి.

నరసన్నపేట_రైతుబిడ్డ

చాలా ధన్యవాదాలండీ. ఈ లోగా ఆ సాక్షులిద్దరి భయం సంగతి ఎలా? వకీలు ఫీజు కూడా వాళ్ళకి భారమే.

పాలకొండ_రోడ్డు

సాక్షుల రక్షణ పథకం 2018 ఉంది. సుప్రీంకోర్టు ఆమోదించి దేశమంతా అమల్లో పెట్టింది. జిల్లా జడ్జిగారు అధ్యక్షుడిగా కమిటీ ఉంటుంది, దరఖాస్తు ప్రాసిక్యూషన్ జిల్లా అధికారి ద్వారా వెళ్ళాలి. డీఎస్పీగారు అయిదు పనిదినాల్లో ముప్పు నివేదిక ఇవ్వాలి. దాన్ని బట్టి ఇంటి దగ్గర గస్తీ, కోర్టుకి పోలీసు తోడు, ఫోన్ నంబరు మార్పు వంటివి ఒక్కో విడతకి మూడు నెలలదాకా ఇస్తారు. దరఖాస్తులో భయం అని కాకుండా జరిగిన సంఘటనలు తేదీలతో రాయించండి. ముద్దాయి మీద పాత గొడవలు ఉంటే తహశీల్దారు ముందు బైండోవర్ (ఇకపై గొడవ చెయ్యనని పూచీ రాయించుకోవడం) కూడా అడగొచ్చు.

ఫీజు విషయంలో, బాధితుడి ఇంట్లో ఆడవాళ్ళ పేరు మీదయితే, లేదా ఎస్సీ, ఎస్టీ కుటుంబమైతే ఆదాయంతో పనిలేకుండా జిల్లా న్యాయ సేవాధికార సంస్థ వకీల్ని ఉచితంగా ఇస్తుంది. మిగతావాళ్ళకి ఆదాయ పరిమితి ఉంది. ఫోన్ 15100. శ్రీకాకుళంలో జిల్లా కోర్టు ఆవరణలోకెళ్ళి అడిగితే దరఖాస్తు ఇస్తారు. ఎఫ్ఐఆర్ కాపీ, ఆధార్ పట్టుకెళ్ళమనండి, రేపే వెళ్ళమనండి.