'సికందరో, ఎవడైతేనేం': 'కం'నా, 'కిం'నా?

పాతప్రతి: శ్రీశ్రీ 'దేశచరిత్రలు'లో హంతకుల వరస చివర 'సికందరో, ఎవడైతేనేం' అని నా నోట ఆడుతోంది. సికందరంటే అలెగ్జాండరే. మొన్న ఒక సభలో చదివినాయన 'సికిందరో' అన్నారు, అదీ నొక్కి మరీ. తొలి ముద్రణ దగ్గరున్నవాళ్ళు ఎవరైనా చూసి చెప్తారా?

గురులఘువు: ఛందస్సుతో తేలదండీ. 'కం' అయినా 'కిం' అయినా సున్నా ఉంది కాబట్టి గురువే. నన్నడిగితే చూడాల్సింది చివరి 'ఓ'ని. గజ్నీకీ ఘోరీకీ లేని 'ఓ' ఇతనికే ఎందుకు తగిలించాడు? మిగతావాళ్ళని చరిత్ర ముందే హంతకులంది. ఇతన్ని మాత్రం 'ది గ్రేట్' అని నెత్తిన పెట్టుకుంది. అందుకే వేరుగా లాక్కొచ్చి ఆ గుంపులో నిలబెట్టాడని నా పక్షం.

లష్కర్‌వాసి: 'కిం' మా ఊరి ఉచ్చారణ. మూడో నిజాం సికందర్ జా పేరు మీద 1806లో సికింద్రాబాద్ అయింది. రాజుగారిలో 'కం', ఊరిలో 'కిం'. ముందున్న 'సి'లోని ఇకారం పక్క అక్షరాన్ని తనవైపు తిప్పుకుంది. 'హరికి', 'గురువుకు' అన్నప్పుడు 'కి', 'కు' మారడం లాంటిదే ఇదీ. ఊరి పేరు రోజూ పలికే నోటికి మనిషి పేరూ అలాగే వస్తుంది.

ఫార్సీ విద్యార్థి: అందరూ 'కం' పట్టుకు వేలాడుతున్నారు గానీ, మొదట్లో పోయిన అక్షరం సంగతి అడగరేం? అలెక్సాండ్రోస్‌లోని 'అల్' ఏమైంది? అరబ్బీలో 'అల్' నామవాచకాల ముందు వచ్చే ఉపపదం. పేరులో ఉన్నదీ అదేననుకుని విడదీశారు. 'క్స' తిరగబడి 'స్క' అయింది. మిగిలింది ఇస్కందర్. అలెగ్జాండ్రియా వాళ్ళకి ఇప్పటికీ అల్-ఇస్కందరియ్యా.

ఫిర్దౌసి రాసిన ఫార్సీ మహాకావ్యం షానామాలో చెప్పే వ్యుత్పత్తి వేరు. ఫైలకూస్, అంటే ఫిలిప్, కూతురు నాహీద్‌ని ఇరాన్ రాజు దారాబ్ పెళ్ళాడతాడు. ఆమె నోటి దుర్వాసనకి వైద్యులు ఇస్కందర్ అనే మూలిక వాడతారు. వాసన పోతుంది గానీ రాజుకి మనసు విరిగి ఆమెను పుట్టింటికి పంపేస్తాడు. అప్పటికే గర్భవతి. పుట్టిన కొడుక్కి ఆ మూలిక పేరే పెడుతుంది. అంటే సికందరు, దారాబ్ తర్వాతి కొడుకు దారాకి సవతి అన్న, ఇరాన్ సింహాసనానికి హక్కుదారు! గెలిచినవాణ్ణి ఇంటివాణ్ణి చేసేసుకున్నారు.

నాణేలపెట్టె: ఆ ఎత్తు ముందు ఈజిప్టు వేసింది. గ్రీకు సికందరు కథల్లో అసలు తండ్రి నెక్తనెబో, ఈజిప్టు ఫరో. రాజ్యం పోయి, మంత్రగాడిగా మాసిడోనియా చేరి, అమోను దేవుడి రూపంలో సికందరు తల్లి ఒలింపియాస్ దగ్గరికి వెళ్తాడు. అమోనుకి పొట్టేలు కొమ్ములు. క్రీ.పూ. 323లో సికందరు పోయాక అతని సేనాని లిసిమాకస్ వేయించిన నాణేలు చూడండి: చెవి మీదుగా మెలి తిరిగిన కొమ్ము స్పష్టంగా కనిపిస్తుంది. ఖురాన్ 18వ సూరాలోని జుల్‌ఖర్‌నైన్, రెండు కొమ్ములవాడు, ఇతనేనని చాలామంది వ్యాఖ్యాతలన్నారు. అక్కడ అతను దైవభక్తుడు, యాజూజ్ మాజూజ్‌లనే విధ్వంసక జాతులు రాకుండా ఇనుమూ కరిగిన రాగీ పోసి గోడ కట్టినవాడు. మలక్కా సుల్తానులైతే తమ వంశాన్ని ఇతని దగ్గరే మొదలుపెట్టుకున్నారు.

ఫార్సీ విద్యార్థి: ఇరాన్‌లోనే రెండో మాటా ఉందండీ. జొరాస్ట్రియన్ల పహ్లవీ (మధ్యకాలపు ఫార్సీ) గ్రంథాల్లో అతను 'గుజస్తక్', శాపగ్రస్తుడు. వాళ్ళ పవిత్రగ్రంథం అవెస్తాను తగలబెట్టినవాడు. శ్రీశ్రీ తీర్పుకి దగ్గరగా ఉన్నది వీళ్ళే.

రాతిరాత: ఆ 'అల్' ఎక్కడికీ పోలేదు, మన రాళ్ళ మీద ఉంది. అశోకుడి 13వ శిలాశాసనంలో ఐదుగురు యవన (గ్రీకు) రాజుల పేర్లున్నాయి, షాబాజ్‌గఢీ ప్రతిలో చివరివాడు 'అలికసుదరో'. ఇతను వేరే అలెగ్జాండరు, ఎపిరస్ రాజని కొందరు, కొరింత్ పాలకుడని కొందరు. పేరు మాత్రం అదే, అరబ్బీ దారి పట్టకుండా వచ్చింది. పద్నాలుగు శాసనాలూ చెక్కిన చోటు కర్నూలు జిల్లా ఎర్రగుడిలోనే ఉంది, వెళ్ళి చూడండి. 'అలికసుదరో' చివరి 'ఓ' కూడా గమనించండి!

గురులఘువు: అది ప్రాకృత ప్రథమావిభక్తి. శ్రీశ్రీది వికల్పార్థకం, 'ఇతనో మరొకడో' అన్నట్టు. రెండింటినీ ముడిపెట్టకండి.

పాతప్రతి: అన్నీ బావున్నాయి. తొలి ముద్రణ ఎవరి దగ్గరైనా ఉందా?

పద్యప్రియ: ఫిర్దౌసి పేరు వచ్చాక జాషువాని తలవకుండా ఎలా ఉంటాం? శ్రీశ్రీ వరసలో గజ్నీ హంతకుడు. జాషువా 'ఫిరదౌసి'లో అదే గజనీ మహమ్మదు కవికి బంగారం ఇస్తానని మాటిచ్చి వెండితో సరిపెట్టినవాడు. నాకు ఈ రెండో నేరమే ఎక్కువ మండుతుంది. అన్నట్టు జాషువా 'రాజు మరణించె' పద్యం చివరి పాదం 'సుకవి జీవించె ప్రజల నాలుకలయందు'ని ఈమధ్య 'ప్రజల నాల్కలయందు' అని పంచుతున్నారు. చదివినప్పుడల్లా ప్రాణం ఉసూరుమంటుంది.

గురులఘువు: ఇది మాత్రం ఛందస్సు తేల్చేస్తుంది. తేటగీతి కదా: సుకవి, జీవించె, ప్రజల నా, లుకల, యందు. 'నాల్కల' అంటే నాలుగో గణం కూలిపోతుంది. పైగా 'సుకవి'కి 'లుకల'తో ప్రాసయతి, రెండో అక్షరం 'క' రెండుచోట్లా ఉంది. 'నాలుకల' తప్ప ఇంకోటి పడదు.

లష్కర్‌వాసి: ఒప్పుకున్నాం. మరి 'సుకవి జీవించె'నా, 'జీవించు'నా? రెండూ తగణమే. రాజుకి 'జీవించె' సరే, అది అయిపోయిన సంగతి. కవి విషయంలో 'జీవించు' అంటేనే అర్థం నిలబడదూ?

పద్యప్రియ: వద్దండీ, ఆ 'చె' ముట్టుకోకండి. పై మూడు పాదాల్లోనూ 'చె' ఉంది. ఆ వరస తెగితే పద్యం ఊపే పోతుంది.