క్రాన్‌లో పెట్టిన బ్యాకప్ 20 బైట్లే వస్తోంది, చేత్తో నడిపితే బాగానే ఉంది

కాంటా_గుమాస్తా, మిర్యాలగూడ

మాది రైస్ మిల్లు. వేబ్రిడ్జి సాఫ్ట్‌వేర్ వెనకాల ఉబుంటు లినక్స్ మీద పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ ఉంది. లారీ నిండు బరువు, ఖాళీ బరువు, తేమ శాతం, రైతుకు ఇవ్వాల్సిన పైకం, అన్నీ దాంట్లోనే. యాసంగి వడ్లు మొదలైతే ట్రాక్టర్లు గేటు దాటి రోడ్డు దాకా నిలబడతాయి, బ్యాకప్ తీసే తీరిక ఎవరికీ ఉండదు. అందుకని బ్యాష్ స్క్రిప్ట్ రాసి రాత్రి 2 గంటలకు దానంతటదే నడిచేలా క్రాన్‌లో పెట్టాను. డేటాబేస్ కాపీ తీసే పీజీ డంప్ ఇచ్చేదాన్ని పైపులో నేరుగా, ఫైలు కుదించే జీజిప్‌కు ఇస్తుంది, చివరి లైనులో ఫైండ్ కమాండ్ 7 రోజులు దాటిన ఫైళ్లు తీసేస్తుంది.

టెర్మినల్‌లో నడిపితే 40 ఎంబీ దాకా వస్తుంది. క్రాన్‌లో మాత్రం ఫైలు ఉంటుంది, సైజు 20 బైట్లు. ఎర్రర్ ఎక్కడా కనబడదు. డేటాబేస్ పాస్‌వర్డ్ బ్యాష్‌ఆర్‌సీలో (టెర్మినల్ తెరవగానే చదివే సెట్టింగుల ఫైలు) ఎక్స్‌పోర్ట్ చేసి ఉంది. ఎవరైనా చెప్పండన్నా, సేటు అడిగేలోపు సరిచేయాలని టెన్షన్‌గా ఉంది.

పాలమూరు_డీబీఏ

తమ్మీ, అన్నిటికంటే ముందు ఆ ఫైండ్ లైను ముందు హ్యాష్ (#) పెట్టి ఆపు. నువ్వు చేత్తో తీసిన మంచి ఫైళ్లు కూడా అదే ఫోల్డర్‌లో ఉంటే, వారం తిరిగేసరికి అవి పోయి ఉత్త డొల్లలే మిగులుతాయి. ఆపినవా? ఇక విను.

లోపల ఏమీ లేకుండా జీజిప్ చేస్తే వచ్చే సైజే ఆ 20 బైట్లు. అంటే పీజీ డంప్ ఒక్క అక్షరం కూడా ఇవ్వలేదు. క్రాన్ నీ బ్యాష్‌ఆర్‌సీని చదవదు. స్క్రిప్ట్‌లోంచి సోర్స్ కమాండ్‌తో చదివించినా లాభం లేదు, టెర్మినల్ కాకపోతే ఉబుంటు ఇచ్చే బ్యాష్‌ఆర్‌సీ మొదట్లోనే వెనక్కి తిరిగిపోతుంది. పాస్‌వర్డ్ అందక డంప్ ఆగింది. పైపులో చివరి కమాండ్ ఫలితమే లెక్కకొస్తుంది కాబట్టి, జీజిప్ తన పని సక్కగా చేసింది, అంతా సక్సెస్ అనిపించుకుంది. ఎర్రర్‌ను క్రాన్ మెయిల్ చేయాలనే చూస్తుంది, మెషీన్‌లో మెయిల్ సర్వర్ లేకపోతే పారేస్తుంది.

పాస్‌వర్డ్‌ను హోమ్ ఫోల్డర్‌లో డాట్ పీజీపాస్ ఫైల్లో పెట్టు. హోస్ట్, పోర్ట్, డేటాబేస్, యూజర్, పాస్‌వర్డ్, మధ్యలో కోలన్లు. పర్మిషన్ 600 (ఓనర్ ఒక్కడే చదివి రాయగలిగేలా) ఉండాలి, లేకపోతే పీజీ డంప్ దాన్ని పట్టించుకోదు. క్రాన్ ఏ యూజర్ పేరు మీద నడుస్తోందో ఆ యూజర్ హోమ్‌లోనే పెట్టాలె.

జీజిప్ నాకైతే అక్కర్లేదనిపిస్తుంది. పీజీ డంప్‌కు మైనస్ ఎఫ్‌సీ ఇస్తే అదే కుదించి రాస్తుంది, పైపు గొడవే ఉండదు. ముందు పార్ట్ అనే పేరుతో రాయించు. డంప్ సున్నాతో (అంటే తప్పు లేకుండా) బయటికొస్తేనే అసలు పేరుకు మార్చు, ఆ తర్వాతే పాతవి తీయి. మూడింటినీ డబుల్ యాంపర్సండ్‌తో (&&, ముందుది సక్సెస్ అయితేనే తర్వాతిది నడుస్తుంది) కలిపితే చాలు. అయినా జీజిప్పే కావాలంటే సెట్ మైనస్ ఓ పైప్‌ఫెయిల్ పెట్టు, పైపులో ఏది ఫెయిలైనా మొత్తం ఫెయిల్ అంటుంది.

కోదాడ_లినక్స్

ఒక మాట. రాత్రి ఆఫీసుకు తాళం వేసేటప్పుడు మెయిన్ ఆపేస్తారా? మెషీన్ ఆగి ఉంటే క్రాన్ ఆ పూట వదిలేస్తుంది, పొద్దున మళ్లీ చేయదు. క్రాన్ బదులు ఉబుంటులోనే ఉండే సిస్టమ్‌డీ టైమర్ పెట్టి, దాంట్లో పర్సిస్టెంట్‌ను ట్రూ చేస్తే, స్టార్ట్ అవగానే తప్పిపోయిన పని చేసేస్తుంది.

కాంటా_గుమాస్తా

ఔనన్నా, వాచ్‌మన్ మెయిన్ ఆపేస్తాడు, సీజన్ లేనప్పుడు. టైమరే పెట్టాను. పీజీపాస్ పెట్టాక మైనస్ ఎఫ్‌సీతో ఫైలు సరైన సైజులోనే వచ్చింది. ఇది నిజంగా తిరిగి ఎక్కుతుందని నమ్మేదెట్లా?

పాలమూరు_డీబీఏ

ఎక్కించి చూడడమే. వేరే పేరుతో ఖాళీ డేటాబేస్ చేసి పీజీ రిస్టోర్ కొట్టు. నిన్నటి స్లిప్పులెన్నో, మొత్తం క్వింటాళ్లెన్నో రెండు వైపులా అడుగు, పుస్తకంలోని లెక్కతో కూడా కలువాలె. నేను దాన్ని కూడా స్క్రిప్ట్‌లోనే పెట్టి ఆదివారం నడిపిస్త, తేడా వస్తే ఫోన్‌కు మెసేజ్ వస్తది.

కొత్త మెషీన్ మీద ఎక్కించేటప్పుడు డేటాబేస్ యూజర్లు లేరని గోల చేస్తది. పీజీ డంప్‌లో యూజర్లు రారు, పీజీ డంప్‌ఆల్‌ను గ్లోబల్స్ ఓన్లీతో విడిగా తీసి పెట్టుకో. దాంట్లో పాస్‌వర్డ్‌ల గుప్త రూపాలు (హ్యాష్‌లు) ఉంటాయి, అందరికీ కనబడే ఫోల్డర్‌లో వద్దు. కాపీ ఒకటి మిల్లు బయట ఉండాలె, పెన్‌డ్రైవ్ అయినా సరే, సేటు ఇంట్లో పెట్టించు.